ఏ ఏడు, ఏ బరువు, ఎన్ని రౌండ్లు?

మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారు? బాక్సింగ్ అంటే ఇష్టమున్న ఇద్దరు ఒకచోట చేరితే ఈ ప్రశ్న రాక మానదు. జో లూయిస్, రాకీ మార్సియానో, జార్జ్ ఫోర్‌మన్, లెనాక్స్ లూయిస్, టైసన్ ఫ్యూరీ అంటూ పేర్లు మారుతుంటాయి గానీ వాదించేవాళ్ల పట్టుదల మారదు. తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటి ప్రశ్న అయింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. అంతకు ముందు మన దేశంలో మహిళా బాక్సింగ్ అనగానే గుర్తొచ్చిన పేరు ఒక్కటే: 2002 నుంచి 2018 దాకా ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మణిపూర్ యోధురాలు మేరీ కోమ్. ఇద్దరూ తమ తమ ఉచ్చదశలో తలపడితే ఏమయ్యేదన్నది సహజంగా పుట్టే ప్రశ్న. జరగని పోటీ గురించి వాదించడం పొద్దుపోని పని అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. చిక్కల్లా ఎక్కడుందంటే, ఈ ఒక్క వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎవరు గొప్ప అన్నది ఒకటి. ఫలానా బరువులో, ఫలానా నియమాల కింద, ఫలానా ఏడాది నాటి ఇద్దరు తలపడితే ఎవరు గెలుస్తారన్నది రెండోది. మొదటిదానికి జవాబు రెండోదానికి జవాబు కానక్కర్లేదు. ఈ రెంటినీ విడదీస్తే వాదన తేలుతుంది. కలిపేస్తే ఎన్నేళ్లయినా అరుచుకోవడమే మిగులుతుంది.

మొదట ఈ ఆటకున్న ఒక స్వభావాన్ని గుర్తించాలి. ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ బండ బరువు ముందే నిర్ణయిస్తారు, సమయం నిర్ణయిస్తారు, ఎడ్ల జత ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎద్దుల వయసును బట్టి విభాగాలు కూడా ఉంటాయి. అందుకే పదేళ్ల కింద లాగిన జతనూ ఈ ఏడు లాగిన జతనూ పోల్చాలంటే రెండూ ఒకచోట చేరాల్సిన పని లేదు. అదే బండ, అదే సమయం అయితే అడుగుల లెక్క చాలు. నేల తడిగా ఉందా, ఎండ ఎంత ఉందన్న తేడాలు ఉంటాయి గానీ కొలత అంటూ ఒకటి చేతిలో ఉంటుంది. బరువులెత్తే పోటీలూ అలాంటివే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 110 కిలోలు, 130 కిలోలు ఎత్తి మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. ఆ 240 ఇవాళ్టికీ 240 కిలోలే. ఏ దేశపు అమ్మాయి వచ్చినా ఆ అంకె పక్కన తన అంకె పెట్టి చూసుకోవచ్చు. బాక్సింగ్‌లో అలాంటి బండ లేదు, అడుగుల టేపు లేదు. ఇక్కడ కొలబద్ద ఎదుటి మనిషే. ఆ మనిషి మారితే కొలబద్దే మారిపోతుంది. కాలాలు దాటిన పోలిక బాక్సింగ్‌లో ఇంత కష్టం కావడానికి అసలు కారణం ఇదే.

అయితే ఒకరిని మరొకరితో, ఆ మరొకరిని ఇంకొకరితో పోల్చుకుంటూ పోతే ఎవరు పైనో తేలదా అని అడగవచ్చు. తేలదని 1970ల హెవీవెయిట్ చరిత్రే చెబుతుంది. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ 15 రౌండ్ల పాటు పోరాడి అలీని ఓడించాడు. చివరి రౌండులో ఎడమ చేతి హుక్‌తో అతణ్ని నేల మీద పడేశాడు కూడా. ఆ ఫ్రేజియర్‌ను 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలోనే ఆరుసార్లు కింద పడేసి ముగించాడు. 1971లో అలీని ఇబ్బంది పెట్టినవాడు ఫ్రేజియర్. 1973లో అలీ దవడ విరగ్గొట్టి గెలిచినవాడు కెన్ నార్టన్. ఆ నార్టన్‌ను కూడా ఫోర్‌మన్ 1974 మార్చిలో రెండో రౌండులోనే ముగించాడు. కాగితం మీద లెక్క వేస్తే అలీకి ఫోర్‌మన్ ముందు దిక్కే లేదు. కానీ అదే ఏడు అక్టోబరు 30న కిన్షాసాలో ఎనిమిదో రౌండులో అలీయే ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. ఫోర్‌మన్ బలమంతా ముందుకొచ్చేవాళ్ల మీద పనిచేసింది. తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ అతను అలసిపోయేదాకా ఆగినవాడి మీద పని చేయలేదు. అంటే బాక్సింగ్‌లో గెలుపు మెట్ల వరుస కాదు, ఒక శైలికి మరో శైలి ఎదురుపడటం. ఒకే కాలంలో, ఒకే నియమాల కింద, మూడేళ్ల వ్యవధిలో తలపడినవాళ్ల మధ్యే వరుస నిలవనప్పుడు నలభై యాభై ఏళ్ల ఎడం ఉన్నవాళ్ల మధ్య ఎలా నిలుస్తుంది? ఒకే జంట మళ్లీ కలిసినా ఫలితం మారిపోతుంది. 2022లో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ సెమీఫైనల్లో నిఖత్ టర్కీకి చెందిన ఒలింపిక్ రజత విజేత బూసె నాజ్ చాకిరోగ్లును ఓడించింది. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్లో అదే చాకిరోగ్లు చేతిలో ఓడిపోయింది. ఇద్దరిలో ఎవరు మెరుగు అంటే ఏ ఏడు అని తిరిగి అడగాల్సిందే. అందుకే జరగని పోటీకి ఒకే ఒక్క ఫలితం చెప్పడం తప్పు. పదిసార్లు తలపడితే ఎన్నిసార్లు ఎవరు అన్నదే సరైన ప్రశ్న. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ పదో రౌండులో టైసన్‌ను పడగొట్టాడు. పందేలు నడిపేవాళ్లు డగ్లస్‌కు 42కు ఒకటి చొప్పున ధర పెట్టారు. పదిలో ఒక్కసారి కూడా గెలవడనుకున్నవాడు ఆ ఒక్కసారి గెలిచి చూపించాడు.

ఈ చిక్కును యంత్రం తీరుస్తుందని నమ్మిన కాలమూ ఉంది. 1967లో మయామీకి చెందిన రేడియో నిర్మాత మరీ వరోనర్ పదహారు మంది హెవీవెయిట్ విజేతల వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించి, వాళ్ల మధ్య ఊహాపోటీలు నడిపి, నిజంగా జరుగుతున్నట్టు రేడియోలో వ్యాఖ్యానం వినిపించాడు. చివరికి మార్సియానోను విజేతగా తేల్చింది యంత్రం. అలీ అయితే క్వార్టర్ ఫైనల్లోనే పాతకాలపు జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయినట్టు వచ్చింది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు లైసెన్సు పోయి ఆటకు దూరమైన అలీ ఆ ఫలితం తన పరువు తీసిందని పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ గొడవలోంచే 1969లో సినిమా కోసం అలీ, మార్సియానోలను నిజంగా రింగ్‌లో నిలబెట్టారు. మార్సియానోకు అప్పుడు నలభై అయిదేళ్లు. పోటీలు మానేసి పదమూడేళ్లు దాటింది. ఇద్దరి చేతా చిన్న చిన్న రౌండ్లు ఆడించి, ముగింపులు రకరకాలుగా చిత్రీకరించి, కంప్యూటర్ చెప్పిందంటూ కలిపి అతికించారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపించిన దాంట్లో 13వ రౌండులో మార్సియానో గెలిచాడు. ఐరోపాలో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు. తన గెలుపు తెర మీద చూసుకోకుండానే మార్సియానో 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఇందులో యంత్రం తప్పు లేదు. ఎంత వేగం, ఎంత ఓర్పు, ఎంత దెబ్బ అని మనుషులు ఇచ్చిన మార్కులనే అది కూడి చెప్పింది. ఇవాళ వీడియో గేముల్లో అలీని టైసన్‌తో ఆడించేవాళ్లు చూసే ఫలితమూ అంతే. ఆ మార్కులు వేసినవాడి అభిప్రాయమే అంకె రూపంలో తిరిగి బయటికొస్తుంది.

ఇక షరతుల సంగతి. ఈ విషయాన్ని అభిమానులు ఎంత తేలిగ్గా తీసుకుంటారో చరిత్ర అంత గట్టిగా హెచ్చరిస్తుంది. 1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విలర్డ్ తలపడిన పోటీకి పెట్టిన గడువు 45 రౌండ్లు. 26వ రౌండులో జాన్సన్ పడిపోయాడు. తర్వాత చాలాకాలం టైటిల్ పోటీలు 15 రౌండ్లుగా సాగాయి. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో రే మాన్సినీతో తలపడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండులో దెబ్బతిని కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ విషాదం తర్వాత ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోటీలను 12 రౌండ్లకు కుదించింది. మిగతా సంస్థలూ కొన్నేళ్లలో అదే దారి పట్టాయి. మూడు రౌండ్లు తగ్గితే ఏమంత తేడా అనిపిస్తుంది. 1952 సెప్టెంబరులో మార్సియానో మొదటిసారి టైటిల్ గెలిచిన పోటీ చూడండి. జెర్సీ జో వాల్కాట్ మీద మార్కులు వేసిన ముగ్గురి లెక్కలోనూ అతను వెనకబడే ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడి దెబ్బతో టైటిల్ లాక్కున్నాడు. 1941లో జో లూయిస్‌దీ అదే కథ. తనకంటే చాలా తేలికైన బిల్లీ కాన్ 12 రౌండ్లు ముగిసేసరికి మార్కులు వేసిన ముగ్గురిలో ఇద్దరి లెక్కలో ముందున్నాడు, మూడో లెక్కలో సమానం. 13వ రౌండులో లూయిస్ అతణ్ని పడగొట్టాడు. నేటి 12 రౌండ్ల నియమం అప్పుడే ఉంటే ఆ రెండు రాత్రులూ ఫలితం తారుమారయ్యేది. మార్సియానో పేరుతో చెప్పుకునే 49-0 రికార్డు ఉండేదే కాదు. వరుసగా 25సార్లు టైటిల్ కాపాడుకున్న లూయిస్ రికార్డు మధ్యలోనే తెగిపోయేది. 'ఎవరు గెలుస్తారు' అనేముందు 'ఎన్ని రౌండ్లు' అని అడగాలనేది అందుకే. గ్లవ్స్ బరువు, పడినవాడి మీద నిలబడి మళ్లీ కొట్టవచ్చా, కొట్టినవాడు దూరంగా ఉన్న మూలకు వెళ్లాకే అంకెలు లెక్కపెట్టాలా అన్నవీ చిన్నవి కావు. 1919లో టోలిడోలో జాక్ డెంప్సీ తనకంటే పాతిక కిలోలు బరువైన విలర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడేశాడు. విలర్డ్ లేస్తుండగానే మీదికెళ్లి మళ్లీ కొట్టడానికి అప్పటి నియమం అడ్డు చెప్పలేదు. 1927లో షికాగోలో జీన్ టన్నీని పడేసినప్పుడు నియమం మారింది. డెంప్సీ మూలకు వెళ్లడంలో ఆలస్యం చేశాడు, టన్నీకి లేవడానికి ఆ కాస్త సమయం దొరికింది, పోటీ టన్నీకి పోయింది.

ఇక్కడ అందరికంటే గట్టిగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. ఇప్పటివాళ్లు పాతవాళ్లకంటే ఎంతో పెద్దవాళ్లు, బరువైనవాళ్లు. డెంప్సీ, మార్సియానోలు 85 కిలోల చుట్టుపక్కల ఉండేవారు. నేడు 90.7 కిలోల లోపువాళ్లకు క్రూజర్‌వెయిట్ అని వేరే విభాగమే ఉంది. అంటే ఆ ఇద్దరూ ఇవాళ హెవీవెయిట్లే కారు. వంద కిలోలు దాటిన క్లిచ్కో సోదరుల ముందో, ఆరడుగుల తొమ్మిదంగుళాల ఫ్యూరీ ముందో వాళ్లు నిలవలేరన్నది ఆ వాదన. ఇందులో నిజం చాలా ఉంది. బరువు విభాగాలు పెట్టిందే బరువు గెలిపిస్తుందని తెలిసి. కానీ ఇదే పూర్తి నిజమైతే ఒలెక్సాండర్ ఉసిక్ కథ జరగకూడదు. క్రూజర్‌వెయిట్‌లో అన్ని బెల్టులూ గెలిచి పైకొచ్చిన ఉక్రెయిన్ బాక్సర్ అతను. 2024లో రియాద్‌లో ఫ్యూరీని రెండుసార్లు ఓడించాడు. డిసెంబరులో జరిగిన రెండో పోటీలో ఫ్యూరీ దాదాపు 127 కిలోలు, ఉసిక్ దాదాపు 102 కిలోలు. ముగ్గురు జడ్జీలూ 116-112 అనే ఇచ్చారు. కాబట్టి బరువు ఒక షరతే గానీ తీర్పు కాదు. నా అంచనా అడిగితే, 85 కిలోల మార్సియానో నేటి పెద్ద హెవీవెయిట్ల ముందు పదింట రెండుసార్లకు మించి గెలవడు. అదే మార్సియానోను 90 కిలోల విభాగంలో 15 రౌండ్లకు దించితే అతణ్ని ఓడించగలవాళ్లు నేటికీ చాలా తక్కువ. ఈ రెండు మాటల్లో దేన్ని పట్టుకున్నా అతని గొప్పదనం పెరగదు, తరగదు. షరతు మారింది, జవాబు మారింది, అంతే.

ఊహలు పక్కన పెట్టి, వేర్వేరు కాలాలవాళ్లు నిజంగా కలిసిన పోటీలే చూస్తే పోదా అనవచ్చు. అలాంటివి కొన్ని ఉన్నాయి. 1951 అక్టోబరులో 37 ఏళ్ల జో లూయిస్‌ను 28 ఏళ్ల మార్సియానో ఎనిమిదో రౌండులో ముగించాడు. 1980 అక్టోబరులో 38 ఏళ్ల అలీని లారీ హోమ్స్ ఎంత ఏకపక్షంగా కొట్టాడంటే, పది రౌండ్ల తర్వాత అలీ శిక్షకుడే పోటీ ఆపించాడు. 1988 జనవరిలో 38 ఏళ్ల హోమ్స్‌ను 21 ఏళ్ల టైసన్ నాలుగో రౌండులో పడగొట్టాడు. మూడింటిలోనూ కుర్రవాడే గెలిచాడు. ఈ మూడూ చూపి లూయిస్ కంటే మార్సియానో గొప్ప, అలీ కంటే హోమ్స్ గొప్ప అని ఎవరూ అనరు. వయసు గెలిచిందని అందరికీ తెలుసు. మన దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. 2019లో ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిందన్న కారణంతో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను నేరుగా పంపాలని భారత బాక్సింగ్ సమాఖ్య అనుకుంది. తనకు ఎంపిక పోటీ ఆడే అవకాశం ఇవ్వాలని నిఖత్ నాటి క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా లేఖ రాసింది. ఆ ఏడు డిసెంబరు 28న ఢిల్లీలో 51 కిలోల విభాగంలో ఆ పోటీ జరిగింది. 37 ఏళ్ల మేరీ 23 ఏళ్ల నిఖత్‌ను 9-1 తేడాతో ఓడించింది. పోటీ ముగిశాక చేయి కలపలేదు. ఆ చేదు సంగతులు అప్పట్లో పత్రికల నిండా వచ్చాయి, వాటిని మళ్లీ తవ్వాల్సిన పని లేదు. ఇక్కడ మనకు కావాల్సింది ఆ ఫలితం ఏం చెబుతోందన్నదే. ముప్పై ఏడేళ్ల మేరీయే నిఖత్‌ను ఓడిస్తే పాతికేళ్ల మేరీ తప్పకుండా ఓడించేదని మేరీ అభిమానులు అంటారు. వినడానికి తిరుగులేని మాటలా ఉంటుంది. కానీ ఇందులో రెండు చోట్ల పట్టు జారుతుంది.

మొదటిది నిఖత్ వైపు. 2019 నిఖత్, 2022 నిఖత్ ఒకే బాక్సర్ కాదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచిన అమ్మాయి తర్వాత భుజం గాయంతో వెనకబడింది, తిరిగి లేచి రావడానికి ఏళ్లు పట్టింది. ఆమె అసలు ఎదుగుదల 2021, 2022లలో కనిపించింది. బాక్సర్ వయసు పుట్టిన తేదీతో లెక్కేస్తే చాలదు. ఇరవై మూడేళ్లకు ఇంకా పండని వాళ్లుంటారు, ముప్పై ఏడేళ్లకు ఇంకా ఎండని వాళ్లుంటారు. రెండోది మేరీ వైపు, ఇది బరువు సంగతి. ఆమె ఆరు ప్రపంచ టైటిళ్లలో ఒకటి 45 కిలోల్లో, మూడు 46 కిలోల్లో, రెండు 48 కిలోల్లో వచ్చాయి. 51 కిలోలకు ఆమె ఎక్కింది ఇష్టపడి కాదు. 2012లో మహిళా బాక్సింగ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో పెట్టినప్పుడు 51, 60, 75 కిలోల విభాగాలు మూడే ఉన్నాయి. అంతకు తక్కువ బరువువాళ్లకు చోటే లేదు. ఆ బరువులో ఆమె లండన్‌లో కాంస్యం, 2014 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. లండన్ సెమీఫైనల్లో తనకంటే పొడవైన నికోలా ఆడమ్స్ చేతిలో 11-6తో ఓడింది. అంటే 51 కిలోల్లో మేరీ చాలా గట్టి బాక్సరే, కానీ 46 కిలోల్లో ఉన్నంత అజేయ కాదు. నిఖత్‌కు మాత్రం 50 నుంచి 52 కిలోలు సొంత బరువు. పొడవూ ఆమెదే ఎక్కువ, దూరం నుంచి నేరుగా వేసే పంచ్ ఆమె ప్రధాన ఆయుధం. నియమాలూ మారాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జడ్జీల తప్పు తీర్పుతో రాయ్ జోన్స్‌కు జరిగిన అన్యాయం తర్వాత, కొట్టిన దెబ్బలను జడ్జీలు మీటలు నొక్కి లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. మేరీ తొలి అయిదు టైటిళ్లూ ఆ కాలంవి. మెరుపులా దూరి శుభ్రంగా నాలుగు తగిలించి బయటపడే ఆమె ఆటకు ఆ లెక్క నప్పింది. 2013 నుంచి రౌండుకు పది మార్కుల పద్ధతి వచ్చింది. 2017 నుంచి మహిళలకు రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లకు బదులు మూడేసి నిమిషాల మూడు రౌండ్లు అయ్యాయి.

ఇవన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. 51 కిలోల్లో, మూడు నిమిషాల మూడు రౌండ్లలో, పది మార్కుల పద్ధతిలో 2022 నాటి నిఖత్, 2010 నాటి మేరీ పదిసార్లు తలపడితే ఆరుసార్లు నిఖత్ గెలుస్తుంది. పాత మీటల లెక్కతో నాలుగు రౌండ్లు పెడితే చెరి అయిదు. 48 కిలోలకు దించితే నిఖత్ ఆ బరువుకు దిగడానికే ఒళ్లు గుల్ల చేసుకోవాలి, అక్కడ మేరీకి ఎదురు లేదు. ఎవరైనా దీన్ని కాదనవచ్చు. కాదనేటప్పుడు వాళ్లూ బరువు, రౌండ్లు, ఏడాది చెప్పి కాదంటే ఇద్దరికీ మేలు.

ఎవరు గొప్ప అన్న మొదటి ప్రశ్నకు కొలత వేరు. తన కాలపు ప్రత్యర్థుల కంటే ఎంత దూరం ముందుకు వెళ్లారు, ఎన్ని రకాల చిక్కులు దాటి అక్కడ నిలిచారు అన్నదే ఆ కొలత. ఎదుటి మనిషే కొలబద్ద అయిన ఆటలో ఇంతకు మించిన న్యాయమైన లెక్క నాకు కనిపించదు. దీనికీ గట్టి అభ్యంతరమే ఉంది. ఆ కాలమే బలహీనమైతే? ముందున్నవాళ్లంతా సామాన్యులైతే వాళ్లకంటే ఎంత దూరం వెళితే ఏం లాభం? ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. బరిలో ఎవరున్నారన్నదానితో పాటు ఎవర్ని బరిలోకి రానివ్వలేదన్నది కూడా చూడాలి. 1919 నుంచి 1926 దాకా విజేతగా ఉన్న డెంప్సీ ఒక్కసారి కూడా హ్యారీ విల్స్‌తో టైటిల్ కోసం తలపడలేదు. విల్స్ నల్లవాడు. జాక్ జాన్సన్ తర్వాత నల్లవాళ్లకు హెవీవెయిట్ టైటిల్ పోటీ దక్కింది మళ్లీ 1937లో జో లూయిస్‌కే. ఆ ఇరవై రెండేళ్ల విజేతల రికార్డులన్నిటి మీదా ఆ అన్యాయపు నీడ ఉంది. తప్పు డెంప్సీ ఒక్కడిదే కాకపోవచ్చు, కానీ అతని గొప్పదనం లెక్కలో ఆ లోటు రాసి తీరాలి. మహిళా బాక్సింగ్‌లో అసలు మహిళలకే తలుపు మూసి ఉంచారు. మొదటి ప్రపంచ పోటీలు 2001లో గానీ జరగలేదు, ఒలింపిక్స్‌కు మరో పదకొండేళ్లు పట్టింది. కాబట్టి మేరీ తొలి టైటిళ్ల నాటికి ఈ ఆట చాలా దేశాల్లో అప్పుడప్పుడే మొలకెత్తుతోంది. ఈ అభ్యంతరం నేను ఒప్పుకుంటాను. దానికి జవాబు మేరీయే ఇచ్చింది. 2007లో కవల పిల్లలకు జన్మనిచ్చి, మరుసటి ఏడే ప్రపంచ టైటిల్ గెలిచింది. పోటీ పెరిగి, నియమాలు పూర్తిగా మారిపోయాక, ముగ్గురు బిడ్డల తల్లిగా, 2018లో ఢిల్లీలో ఉక్రెయిన్‌కు చెందిన హన్నా ఒఖోటాను 5-0తో ఓడించి ఆరోసారి గెలిచింది. ఒక కాలం బలహీనమని అనవచ్చు. పదహారేళ్ల ఎడంలో రెండు రకాల లెక్కల కింద గెలిచినదాన్ని ఆ మాటతో తగ్గించలేం. నిఖత్‌కు రెండు ప్రపంచ టైటిళ్లు, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం ఉన్నాయి. పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెకు రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ ఎదురైంది. ఆ వూ యూ ఆ తర్వాత స్వర్ణమే గెలిచింది. నిఖత్ ఆట ఇంకా ముగియలేదు. కానీ ఈ రోజు లెక్క చెప్పమంటే గొప్పదనంలో మేరీ కోమ్‌ది పైచేయి. 51 కిలోల రింగ్‌లో 2022 నిఖత్‌ది పైచేయి. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకటి ఒప్పుకుంటే రెండోది వదులుకోవాల్సిన పని లేదు.

ఈ వాదన వల్ల లాభమేమిటంటే, షరతులు అడగడం మొదలుపెట్టగానే మనం చరిత్ర చదవడం మొదలుపెడతాం. 13వ రౌండు విలువ తెలుస్తుంది, కిమ్ డుక్-కూ ఎందుకు గుర్తుండాలో తెలుస్తుంది, హ్యారీ విల్స్ పేరు మొదటిసారి వింటాం. మూడు నిమిషాల నాకౌట్ల ముక్కలు చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఇవేవీ అందవు. టైసన్ పడగొట్టిన పోటీలే చూసినవాడికి డగ్లస్ ముందు అతని కాళ్లు ఎలా బరువెక్కాయో తెలియదు. పోటీ మొత్తం, ఓడిన పోటీతో సహా చూసినవాడికే మాట్లాడే హక్కు వస్తుంది. చూడటానికి ఏదీ మిగలకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడు అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు చనిపోయింది 1942లోనే. అయినా ఆయన బలం గురించి మన దగ్గర మిగిలినవి చాలావరకు కథలే. సాటి మల్లయోధులతో న్యాయంగా పోల్చడానికి కావాల్సిన వివరాలు మన చేతిలో లేవు. నిజామాబాద్ నుంచి నిఖత్ వచ్చింది, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన హుసాముద్దీన్ వచ్చాడు. రేపు ఆత్మకూరు నుంచో, కడప నుంచో మరొకరు రావచ్చు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్న శిక్షకులకూ, పోటీలు నడిపే సంఘాలకూ ఒక మనవి. జిల్లా పోటీ అయినా సరే, చిన్న పిల్లల పోటీ అయినా సరే, మొదటి గంట నుంచి చివరి గంట దాకా వీడియో తీయించండి. తేదీ, ఇద్దరి బరువులు, ఎన్ని రౌండ్లు, ఏ పద్ధతిలో మార్కులు వేశారు అన్నవి రాసి దానితో పాటు భద్రపరచండి.